వెలికొండ వెంట, బోరు బావతో

గురువారం: ఒంగోలు – చీమకుర్తి

మా బావకి రెండు బోరు బండ్లున్నాయి. పొదిలి, కనిగిరి, పామూరు, ఉదయగిరి చుట్టుపక్కల ఆయన హ్యామర్ దిగని ఊరు తక్కువ. నేను కాలేజీలో జియాలజీ పాఠాలు చెప్పుకు బతుకుతున్నవాణ్ణి. వెలికొండల తూర్పు అంచున ఉత్తరం నుంచి దక్షిణానికి పెద్ద ఫాల్ట్ జోన్ ఉంది, అంటే రాయి పగిలి రెండు పక్కలా జరిగిన చోటు. పాఠ్యపుస్తకాల్లో భ్రంశ మండలం అంటాం. ఒంగోలులో బయల్దేరి వీలైనంతవరకు దాని వెంటే రాపూరు దాకా పోవాలని ఎప్పటినుంచో ఆశ. సంక్రాంతి అయిపోయి, ఎండాకాలపు బోర్ల సీజన్ ఇంకా మొదలుకాని వారం చూసి బావని లాక్కొచ్చాను.

“ఫాల్ట్ అంటే ఏందిరా, భూమిలో గీతే గదా? గీత చూసేదానికి ఇంత డీజిల్ ఎందుకు?” అన్నాడు కారెక్కుతూ.

ఆయన్ని అనుకోవడానికి లేదు. మ్యాపుల్లో మేమూ గీతే గీస్తాం, భూకంపం వార్త వచ్చినప్పుడు టీవీ వాళ్ళూ ఎర్రగీతే చూపిస్తారు. పెద్ద ఫాల్ట్ దగ్గరికి నిజంగా పోతే గీత ఉండదు. వందల మీటర్ల వెడల్పున, ఒక్కోచోట కిలోమీటర్ల వెడల్పున నలిగిన రాయి ఉంటుంది. నలుగుడు ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో తేల్చడానికే తల ప్రాణం తోకకొస్తుంది.

అందుకే ముందు నలగని రాయి చూపిద్దామని చీమకుర్తిలో ఆపాను. తెలిసినవాళ్ళ మాట సాయంతో ఒక క్వారీలోకి పోనిచ్చారు. పైనుంచి కిందికి మెట్లు మెట్లుగా కోసిన నల్లటి గోడ. డైమండ్ వైర్ గిర్రున తిరుగుతోంది, కోతలో పోసిన నీళ్ళు నల్లటి బురదై కిందికి కారుతున్నాయి. బ్లాక్ గెలాక్సీ పేరుతో దేశదేశాలకీ పోయే రాయి ఇదే. వ్యాపారంలో గ్రానైట్ అని చెల్లుతోంది గానీ జాతికి గాబ్రో. లోతులో నిదానంగా చల్లారిన శిలాద్రవం. మధ్యలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి.

కోసిన బ్లాక్ మీద సూపర్‌వైజర్ బకెట్టుతో నీళ్ళు కొట్టి ఊరికే నిలబడ్డాడు. ఏం చేస్తున్నాడా అని మేమూ నిలబడ్డాం. ఎండకి రాయంతా ఆరిపోయింది. ఒక మూల నుంచి వెంట్రుక మందాన సన్నటి తడి చార మాత్రం అలాగే మిగిలింది. “క్రాక్ సార్. నీళ్ళు లోపలికి పీల్చుకునింది. దీని రేటు పోయినట్టే” అన్నాడు. బావ కళ్ళు మెరిశాయి. ఇక్కడ నష్టమైన ఆ పగులు కోసమే ఆయన జనాల దగ్గర డబ్బు తీసుకుని రాయి పొడుస్తాడు.

క్వారీలో ఎవరూ కోయకుండా వదిలేసిన మూల ఒకటుంది. అక్కడ బండ మీద ఆకుపచ్చటి ఖనిజపు పొర, క్లోరైట్‌ది. దాని మీద అన్నీ ఒకే వైపుకి గీకినట్టు చారలు. బావ చెయ్యి పట్టుకుని ఆ చారల మీద కిందికి రాయించాను. నున్నగా జారింది. అదే చెయ్యి పైకి రాయిస్తే వేళ్ళకి చిన్న చిన్న మెట్లు తగిలాయి. మామూలు పగులుకి ఇలాంటివి ఉండవు. రెండు పక్కల రాయి ఒకదాన్నొకటి రాసుకుంటూ జరిగితేనే ఈ చారలు పడతాయి. ఇలా జరిగింది కాబట్టి ఇది ఉత్త పగులు కాదు, ఫాల్ట్. చెయ్యి నున్నగా పోయిన వైపు, సాధారణంగా, లేకుండాపోయిన అవతలి బండ జారిన దిక్కు. ఈ చిన్నది జానెడో బెత్తెడో జరిగి ఉంటుంది. వెలికొండ అంచున జరిగిన జరుగుడు కిలోమీటర్ల లెక్క.

సెంటర్లో టీ తాగుతుంటే మా మాటలు విన్న పెద్దాయన 1967 సంగతి ఎత్తాడు. అప్పుడాయన పలకా బలపం పట్టే వయసు. మార్చి 27న ఒంగోలు దగ్గర భూకంపం వచ్చింది, తీవ్రత 5.4. వంటింటి గూట్లో కంచాలు దడదడా కింద పడ్డాయని, వాళ్ళమ్మ చంకన చెల్లెల్ని వేసుకుని వీధిలోకి ఉరికిందని చెప్పాడు. “మొన్న 2024 డిసెంబర్లో కూడా ముండ్లమూరు, తాళ్లూరు, దర్శి వైపు కదిలింది గదయ్యా. మళ్ళీ పెద్దది వస్తదా?”

భూకంపం తేదీ చెప్పగలిగినవాడు భూమ్మీద లేడు. ఎందుకొస్తుందో మాత్రం చెప్పగలం. ఖాళీ చెయ్యని బీరువాని ఒక్కళ్ళే నెట్టినప్పుడు ఏమవుతుంది? కాసేపు కదలదు, మనమే వంగుతాం. ఉన్నట్టుండి గరగరమని అరడుగు జరిగి మళ్ళీ బిగుసుకుంటుంది. భారతదేశాన్ని మోస్తున్న భూఫలకం ఉత్తరానికి నెట్టుకుంటూ పోతోంది, ఆ ఒత్తిడి హిమాలయాల్లోనే కాకుండా దక్షిణాపథమంతా పాకి ఉంది. పాత ఫాల్ట్‌కి రెండు వైపుల రాయి కొద్దికొద్దిగా వంగుతుంది. ఫాల్ట్‌లో రాపిడి తట్టుకోలేనంత ఒత్తిడి పోగుపడిన రోజున జారుతుంది, వంగిన రాయి నిటారు అవుతుంది. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత కంచెలు, రోడ్లు పక్కకి జరిగిన తీరు కొలిచి హ్యారీ రీడ్ 1910లో చెప్పిన సంగతి ఇదే. అప్పుడు దాదాపు 470 కిలోమీటర్ల పొడవున ఫాల్ట్ తెగింది. ఒంగోలు తీవ్రతకి కొన్ని కిలోమీటర్ల ముక్క జారినా సరిపోతుంది. గుండ్లకమ్మ నది వెంట పోయే ఫాల్ట్‌కీ ఈ ప్రాంతపు కదలికలకీ సంబంధం ఉందని జియాలజిస్టుల అంచనా. 2002 నాటి భూకంప మ్యాపులో ఒంగోలు మూడో జోన్‌లో ఉంది, అంటే ఓ మోస్తరు ప్రమాదం. ఇల్లు కట్టేటప్పుడు పిల్లర్లు, బీములు సరిగా కట్టించుకోమని చెప్పాను. పెద్దాయనకి ఈ జవాబు ఆనలేదు. తేదీ కావాలి ఆయనకి.

శుక్రవారం: పొదిలి – కనిగిరి

రోడ్డు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. పొదిలిలో ఇడ్లీ, కనిగిరిలో లాడ్జి. దారి పొడుగునా బావ చూపించినవన్నీ ఆయన వేసిన బోర్లే. “ఇదిగో, ఈ చేలో వెయ్యి అడుగులు దింపినా దుమ్మే. ఆ కనపడే వేపచెట్టు కాడ మూడొందలకే రెండించులు పడింది. ఇద్దరూ అన్నదమ్ములే, ఇప్పుడు మాటల్లేవు.” కనిగిరి కొండ గ్రానైట్. ఇందులో ఫ్లోరైట్ ఖనిజం ఉంటుంది. ఈ పక్క నీళ్ళలో ఫ్లోరైడ్ బాధ, దానితో వంగిన కాళ్ళు, పచ్చబడ్డ పళ్ళు జిల్లా అంతటికీ తెలిసిందే. నీళ్ళు పడితే సంతోషం, అవి తాగాలంటే భయం.

రాత్రి లాడ్జిలో క్యాలెండర్ వెనక బొమ్మ గీశాను. పెద్ద ఫాల్ట్‌ని అడ్డంగా కోస్తే అటూ ఇటూ చివరల మామూలు రాయి. అక్కణ్ణుంచి లోపలికి వచ్చేకొద్దీ పగుళ్ళు దగ్గర పడతాయి. మీటరుకి ఒకటి, జానెడుకి ఒకటి, బెత్తెడుకి నాలుగు. దీన్ని డ్యామేజ్ జోన్ అంటారు. నట్టనడుమ, జరుగుడులో ఎక్కువ భాగాన్ని మోసిన చోట, కోర్. అక్కడ రాయి విరగడం దాటిపోయి పిండి అయిపోయి ఉంటుంది. కోణాలు కోణాలుగా విరిగిన ముక్కలు మళ్ళీ అతుక్కుంటే బ్రెక్షియా, మరీ మెత్తగా బంకమన్నులా మిగిలితే గౌజ్. డ్యామేజ్ జోన్ వందల మీటర్లు ఉన్నా కోర్ కొన్ని మీటర్లే ఉండొచ్చు, ఒక్కోసారి కొన్ని సెంటీమీటర్లే. కొన్ని ఫాల్టుల్లో ఒకటికి రెండు మూడు కోర్లు జడల్లే విడిపోయి మళ్ళీ కలుస్తాయి.

బావ పెన్ను లాక్కుని బొమ్మ మీద నిలువుగా బోరు గీశాడు. “ఇది నాకు చెప్తున్నావా? ఇక్కడ రాయి గలగలమని పోతది, నీళ్ళు తగులుతయ్. ఇక్కడికి రాంగానే దుమ్ము ఆగిపోద్ది. జిగురు. బిట్టుకి అతుక్కుని ఎయిర్ పైకి రాదు. హ్యామర్ శబ్దమే మారిపోద్ది. మన్ను తగిలిందిరా బాబూ అని రైతు ఏడుపు మొహం పెడతాడు. దాన్ని దాటిచ్చినామంటే మళ్ళీ నీళ్ళు.”

1996లో జొనాథన్ కెయిన్, జేమ్స్ ఎవాన్స్, క్రెయిగ్ ఫోర్‌స్టర్ ఒక పరిశోధనా పత్రంలో రాసింది సరిగ్గా ఇదే. ఫాల్ట్ నీళ్ళకి దారా, అడ్డమా అనే ప్రశ్నకి ఒక్క జవాబు లేదు, డ్యామేజ్ జోన్ ఎంత, కోర్ ఎంత అన్న పాళ్ళని బట్టి ఉంటుంది అని. డ్యామేజ్ జోన్ వెంట నీళ్ళు పారతాయి. కోర్‌కి అడ్డంగా పారాలంటే బంకమన్ను పోనివ్వదు. ఒకే ఫాల్ట్ పొడుగునా కాలువ, అడ్డంగా కట్ట. ఆ అన్నదమ్ముల చేలల్లో ఒకడిది కాలువలో పడింది.

“సరే, నిజం ఫాల్ట్‌లోకి ఎవరన్నా కావాలని బోరేసినారా?”

ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ దగ్గర శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్‌లోకి 2004 నుంచి 2007 దాకా వేశారు. ఆ బోరు పేరు సాఫోడ్. ముందు నిలువుగా దించి, తర్వాత పక్కకి వాల్చి, మూడు కిలోమీటర్లకి కాస్త తక్కువ లోతున ఫాల్ట్‌ని దాటించారు. నలిగిన రాయి వెడల్పు సుమారు 200 మీటర్లు. కదులుతున్నది మాత్రం అందులో రెండే పట్టీలు: ఒకటి 1.6 మీటర్లు, రెండోది 2.6 మీటర్లు. బోరుకి దింపిన స్టీలు కేసింగ్ సరిగ్గా ఆ రెండు చోట్లే వంకర తిరిగింది.

కేసింగ్ వంగిందనగానే బావ లేచి కూచున్నాడు. వంగిన కేసింగ్ బాధ ఆయనకి తెలుసు.

ఆ పట్టీల్లోంచి తీసిన మన్నులో సాపొనైట్ అనే జిగురు ఖనిజం ఉంది. బోర్లలో వాడే బెంటొనైట్‌కి దగ్గర చుట్టం. మామూలు రాయి మీద రాయి జారాలంటే ఎంత బలం కావాలో బయర్లీ అనే ఆయన 1978లో ఎన్నో రకాల రాళ్ళ ప్రయోగాలన్నీ కూడి తేల్చాడు. రాయి ఏదైనా సరే, రాపిడి గుణకం దాదాపు 0.6 నుంచి 0.85 మధ్యలోనే వస్తుంది. 0.6 అంటే పలకని 31 డిగ్రీలు వాలిస్తే గానీ మీద పెట్టిన రాయి జారదు. సాపొనైట్ మన్నుకి ఆ గుణకం 0.15 చుట్టూ వచ్చింది. ఎనిమిది తొమ్మిది డిగ్రీల వాలు చాలు. ఖండాన్ని కోసుకుంటూ వెళ్ళిన ఫాల్ట్ బలమంతా అక్కడ రెండు పట్టీల మన్నులో ఉంది.

ఆ ముక్కలో ఫాల్ట్ ఏడాదికి రెండు సెంటీమీటర్ల లెక్కన చప్పుడు లేకుండా పాకుతుంది. మన్ను మెత్తన కాబట్టి పాకుతుంది అంటే చాలదు. అసలు కీలకం వేగం పెరిగినప్పుడు ఆ మన్ను ఏం చేస్తుందన్నది. కొన్ని రకాల గౌజ్ వేగం పెరిగితే ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది, జారుడు తనంతట తానే తగ్గిపోతుంది. కొన్ని వేగం పెరిగేకొద్దీ పట్టు వదిలేస్తాయి, అప్పుడు జారుడుకి పగ్గం ఉండదు. భూకంపం పుట్టేది ఈ రెండో రకంలో.

అలాగని మొదటి రకాన్ని నమ్ముకుని నిద్రపోవడానికీ లేదు. 2011లో జపాన్ భూకంపంలో సముద్రపు అడుగున, ట్రెంచ్ అనే లోతైన అగాధం దగ్గర, ఫాల్ట్ 50 మీటర్ల దాకా జారింది, సునామీ లేచింది. మరుసటి ఏడాది చిక్యు అనే ఓడ దాదాపు ఏడు కిలోమీటర్ల నీళ్ళ కింద బోరేసి ఆ ఫాల్ట్‌ని అందుకుంది. అయిదు మీటర్ల మందం కూడా లేదు. నిండా స్మెక్టైట్ మన్ను, సాపొనైట్‌దీ ఈ కుటుంబమే. సెకనుకి మీటరు వేగంతో జారితే రాపిడికి వేడి పుడుతుంది, మన్నులో చిక్కుకున్న నీళ్ళు వ్యాకోచిస్తాయి, బయటికి దారి లేక పైబండని ఎత్తి పడతాయి. ఇక పట్టు ఎక్కడిది?

“ఏడు కిలోమీటర్ల నీళ్ళ కింద బోరా? అడుక్కి ఎంత తీసుకున్నారంట?” అని దుప్పటి కప్పుకున్నాడు బావ.

శనివారం: పామూరు – సీతారామపురం ఘాట్ – ఉదయగిరి

పామూరు దాటాక పడమట వెలికొండలు దగ్గరవుతూ వచ్చాయి. సి.ఎస్.పురం మీదుగా సీతారామపురం చేరి, పోరుమామిళ్ల వైపు ఘాట్ ఎక్కాం. తూర్పున కింద నెల్లూరు షిస్ట్ బెల్ట్, అంటే వేడికి, ఒత్తిడికి రేకులు రేకులుగా మారిన రాళ్ళ పట్టీ. పడమట కడప బేసిన్, అంటే ఒకప్పటి పల్లంలో పొరలుగా పేరుకున్న రాళ్ళు. తూర్పు వైపు పాత రాళ్ళు పడమటి రాళ్ళ మీదికి తోసుకొచ్చిన అంచు ఇది. ఇలాంటి ఫాల్ట్‌ని థ్రస్ట్ అంటాం. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద నివేదిక రాశాడు. ఏ రోడ్డూ లేని రోజుల్లో ఈ అడవుల్లో ఎలా తిరిగాడో అని ప్రతిసారీ అనుకుంటాను.

ఘాట్ ఎక్కకముందు ఒక వాగు దగ్గర చాలాసేపు ఉండిపోయాం. వాగు అడుగున బండ కడిగినట్టు శుభ్రంగా ఉంది. ఒకప్పుడు గ్రానైట్. ఇప్పుడు సన్నసన్నటి చారలు, నలుపూ తెలుపూ, అన్నీ ఒకే వైపుకి సాగినవి. లెన్స్ పెట్టి చూస్తే పలుగురాయి గింజ అనేదే మిగల్లేదు, దారాలై పోయింది. ఆ దారాల మధ్య గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు గింజలు మాత్రం సాగకుండా కళ్ళ ఆకారంలో నిలబడ్డాయి. ఒక్కో కంటికి రెండు కొసల్లో తోకలు. కుడి తోక కిందికి, ఎడమ తోక పైకి. అన్ని కళ్ళకీ అంతే. ఆ తోకలు చూసి పై భాగం ఎటు జరిగిందో చెప్పొచ్చు.

“ఇందులో పగులు ఏదిరా?” అన్నాడు బావ. పగులు లేదు. జరుగుడు మాత్రం చీమకుర్తిలో చూసినదానికి ఎన్నో రెట్లు. ఈ రాయి పేరు మైలొనైట్.

ఒకే ఫాల్ట్ పైన ఒకలా, లోతున ఇంకోలా ఉంటుంది. పైన చల్లగా ఉంటుంది కాబట్టి రాయి విరుగుతుంది, పిండి అవుతుంది, కుదుపులతో జారుతుంది. కిందికి పోయేకొద్దీ వేడి. 300 డిగ్రీలు దాటితే పలుగురాయి విరగడం మాని సాగుతుంది. ఫెల్డ్‌స్పార్ సాగాలంటే 450 దాటాలి. ఖండాల్లో సుమారు 10 నుంచి 15 కిలోమీటర్ల లోతున ఈ మార్పు వస్తుంది. అందుకే ఖండాల లోపల భూకంపాలు ఎక్కువగా ఆ పైభాగంలోనే పుడతాయి. 1977లో రిచర్డ్ సిబ్సన్ ఫాల్ట్ రాళ్ళన్నిటినీ ఈ లోతు వరసలో సర్ది చూపించాడు. వాగులో పలుగురాయి సాగి, ఫెల్డ్‌స్పార్ సాగకుండా నిలబడిందంటే ఈ బండ 300కీ 450కీ మధ్య నలిగిందని లెక్క. దాని నెత్తి మీది కిలోమీటర్ల కొద్దీ రాయి వానలకి, వాగులకి అరిగిపోయింది కాబట్టి ఇవాళ మనం చెప్పులు విప్పి దాని మీద నిలబడ్డాం. బతికున్న ఫాల్ట్ వేళ్ళు ఎలా ఉంటాయో చూడాలంటే చచ్చిపోయిన ఫాల్ట్ దగ్గరికే పోవాలి, వేరే దారి లేదు.

ఘాట్‌లో రోడ్డు కోతల్లో పలకరాళ్ళు, గట్టిపడ్డ ఇసుకరాయి అయిన క్వార్ట్‌జైట్ పొరలు మడతలు మడతలుగా ఉన్నాయి. పొరలన్నీ తూర్పుకి వాలి ఉన్నాయి. లారీలు హారన్ కొడుతూ పోతుంటే కొలతలు తీసుకోవడం టెన్షనే. రెండు చోట్ల వాలు కొలిచే క్లైనోమీటర్ పెట్టి వచ్చేశాను.

దిగేటప్పుడు బావ అడిగాడు, ఇంత కొండని పక్కనుంచి ఏది నెట్టింది, నలిగి ముక్కలైపోదా అని. ఈ ప్రశ్న జియాలజీని చాలా కాలం వేధించింది. కిలోమీటర్ల మందం, పదుల కిలోమీటర్ల పొడుగు ఉన్న రాతి దుప్పటిని వెనకనుంచి నెడితే, లెక్క ప్రకారం రాపిడికి అది జరగకముందే నలిగిపోవాలి. 1959లో కింగ్ హబ్బర్ట్, విలియం రూబీ దారి చూపించారు. ఫాల్ట్‌లోని నీళ్ళ పీడనం పైబండ బరువులో చాలా భాగాన్ని మోస్తే, రాపిడికి మిగిలేది ఆ కాస్త బరువే. కొండని నెట్టడానికి బలం అంత అక్కర్లేదు, కింద నీళ్ళు బయటికి పోలేక బిగుసుకుని ఉంటే చాలు. నిన్నటి జిగురుమన్ను ఇక్కడ మళ్ళీ పనికొచ్చింది, నీళ్ళని పోనివ్వకుండా పట్టి ఉంచేది అదే కదా. నాకడిగితే ఫాల్టుల శాస్త్రంలో సగం నీళ్ళ శాస్త్రమే.

ఆదివారం: ఉదయగిరి – సోమశిల

పొద్దున్నే ఉదయగిరి దుర్గం ఎక్కాం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట. నెలల తరబడి ముట్టడి వేస్తే గానీ లొంగలేదంటే ఈ నిట్టనిలువు క్వార్ట్‌జైట్ చరియలు చూస్తే నమ్మబుద్ధవుతుంది. మోకాళ్ళు పట్టేసి బావ సగంలోనే కూలబడ్డాడు. ఆయన ఆగిన చోటే నాక్కావలసిన రాయి దొరికింది: బూడిదరంగు బండలో అడ్డదిడ్డంగా తెల్లటి పలుగురాయి చారలు. ఒక చారని ఇంకో చార కోసుకుంటూ పోయింది, దాన్ని మూడోది కోసింది. ఒకసారి పగిలింది, పగుల్లోకి వేడినీళ్ళు ఎక్కాయి, అందులో కరిగి ఉన్న సిలికా గడ్డకట్టి పగులు మూసుకుంది. పీడనం పెరిగి మళ్ళీ పగిలింది, మళ్ళీ మూసుకుంది. ఫాల్ట్ జారిన తర్వాత మానుతుందని నేటికాలపు కొలతల్లోనూ తేలింది. 1992లో కాలిఫోర్నియాలో లాండర్స్ భూకంపం తర్వాత ఫాల్ట్ జోన్ గుండా భూతరంగాల వేగం ఏటేటా కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది. పగుళ్ళు మూసుకుంటున్నాయన్నమాట. అందుకే ఒకసారి కదిలిన ఫాల్ట్ మళ్ళీ బలం కూడగట్టుకుంటుంది.

ఊళ్ళో మా అక్క కోసం చెక్క గరిటెలు కొన్నాం. ఉదయగిరి గరిటెలు కొనకుండా పోతే ఇంట్లో అన్నం పెట్టరని బావ భయం.

ఆత్మకూరు మీదుగా సోమశిల. పెన్న వెలికొండని చీల్చుకుని మైదానంలోకి దిగే సందులో డ్యామ్ కట్టారు, 78 టీఎంసీలు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఆనకట్ట మీద గాలికి నిలబడలేకపోయాం. “ఇన్ని నీళ్ళు ఫాల్ట్ నెత్తిన పెడితే ఏం కాదా?” అన్నాడు బావ. రెండ్రోజుల్లో ఈ ప్రశ్నకి వచ్చాడంటే మంచి విద్యార్థే.

మహారాష్ట్రలో కొయినా డ్యామ్ నిండిన కొన్నేళ్ళకే, 1967 డిసెంబర్ 11న, 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు 180 మంది చనిపోయారు. మన ఒంగోలు కదిలిన ఏడాదే. నీళ్ళ బరువు కన్నా పగుళ్ళ గుండా లోపలికి పాకే పీడనమే అసలు కారకుడని ఎక్కువమంది నమ్మకం. అయితే నీళ్ళు భూకంపాన్ని పుట్టించవు, జారడానికి ఇప్పటికే సిద్ధంగా ఉన్న ఫాల్ట్‌ని తొందరపెడతాయి. కొయినాలో మనవాళ్ళు మూడు కిలోమీటర్ల లోతు బోరు 2017లో పూర్తిచేశారు. పైన పన్నెండొందల మీటర్లకి పైగా నల్లరాయి, దాని కింద గ్రానైట్. దేశంలో వేలకొద్దీ డ్యాములు ఉన్నా కొయినా లాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సోమశిల మీద నిలబడి నాకైతే భయం కలగలేదు. బావ మాత్రం కారు త్వరగా తియ్యమన్నాడు.

సోమవారం: కలువాయి – రాపూరు

పెంచలకోన పోయి స్వామి దర్శనం చేసుకుందామనుకున్నాం. రాపూరు ఇవతల బావ స్నేహితుడి రిగ్గు నడుస్తోందని ఫోనొచ్చింది, దర్శనం సాయంత్రానికి వాయిదా పడింది.

నిమ్మతోట. పాత బోరు ఎండిపోయిన రైతు, ఆయన కొడుకు, పది మంది చూసేవాళ్ళు. పక్కనే వాగు ఉంటే రిగ్గు కన్నా ముందు అటు నడిచాను. గట్టు తెగిన చోట షిస్ట్ రాయి తళతళమంటోంది, నిండా కాకిబంగారం. దాని మధ్యలో ముదురు బూడిదరంగు మన్ను పట్టీ, బారెడు మందం. గోరు గుచ్చితే దిగింది. మన్నులో ఇరుక్కున్న రాతిముక్కలు ఏదీ గుండ్రంగా లేదు. క్లైనోమీటర్ పెట్టాను: తూర్పుకి వాలు, 45 డిగ్రీలు. బోరు పాయింట్ వాగుకి తూర్పున, నా అంగల్లో డెబ్భై దాకా ఉంది. అంగ రెండున్నర అడుగుల కొలత అనుకున్నా, 45 డిగ్రీల వాలులో పక్కకి ఎంత దూరమో కిందికీ అంతే కాబట్టి, మన్ను పట్టీ బోరులో 170, 180 అడుగుల దగ్గర తగలాలి.

బావకి చెవిలో చెప్పాను. ఆయన రైతుకి చెప్పలేదు. “చెప్పి తగలకపోతే నా పరువేం గాను?”

అరవై అడుగుల దాకా మెత్తన, కేసింగ్ దింపారు. తర్వాత మెరుపుల దుమ్ము. 185 దగ్గర హ్యామర్ మోత బొంగురుపోయింది. దుమ్ము ఆగి ముద్దలు ముద్దలుగా పడింది. బావ ఒక ముద్ద తీసుకుని బొటనవేలితో పిసికి నాకు ఇచ్చాడు. అదే బూడిదరంగు, అదే గరుకు ముక్కలు. రైతు మొహం వాడిపోయింది. “మన్ను తగిలిందిగా సామీ, ఇంక ఆపేద్దామా? డబ్బులన్నా మిగులుతయ్.”

ఆపమంటే ఆపడమే రిగ్గు వాళ్ళ ధర్మం, అడుగుల లెక్కన డబ్బు రైతుది. బావ నావైపు చూశాడు. నేను అవతల డ్యామేజ్ జోన్ ఉండాలన్నాను. అందులో నీళ్ళు ఉంటాయని మాత్రం అనలేదు. బావ ఆ తేడా పట్టించుకోకుండా, “పెద్దాయనా, ఇంకో యాభై అడుగులు నా మాట మీద పోనియ్యి. దీని కిందే ఉంటది” అనేశాడు.

జిగురు పన్నెండు అడుగులు పోయింది. రెండుసార్లు బిట్టు పైకి తీసి కడిగారు. 200 దాటగానే గలగలమని శబ్దం, వేలెడేసి పలుగురాయి ముక్కలు పైకొచ్చి పడ్డాయి. ఒక్కోదానికీ ఒక పక్క తుప్పు రంగు, అంటే నీళ్ళు పారిన పగులు. 218 దగ్గర గొట్టం చుట్టూ బురద బుడగలు వేసింది. 230కి నీళ్ళు రిగ్గు మాస్టు సగం దాకా ఎగిరాయి. కొలిస్తే రెండించుల పైన. రైతు కొడుకు చొక్కా విప్పి తడిశాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు బేరం. మధ్యలో మన్ను పొర ఉంది కాబట్టి అది కూలి బోరు పూడకుండా లోపల సన్న పైపు 210 దాకా దింపుకోవాలని బావ, నీళ్ళు పడ్డాక ఇంకా ఖర్చేందని రైతు. ఇద్దరికీ మధ్యవర్తిగా రిగ్గు డ్రైవరు. ఇంతలో తూర్పు చేను ఆసామి వచ్చి తనకీ పాయింట్ పెట్టమన్నాడు. ఆ చేను మధ్యకి ఇక్కణ్ణుంచి ఎంత దూరమని బావ అడిగాడు. వంద అడుగులు ఉంటదన్నాడాయన.

“అయితే నీకు మన్ను 285 కాడ తగుల్తది” అన్నాడు బావ, నన్నడక్కుండానే. “మూడొందల యాభై దాకా డబ్బులు పెట్టుకుంటానంటేనే బండి తెస్తా. మన్ను తగలంగానే ఆపమంటే మాత్రం ఇప్పుడే వద్దని చెప్పు.”